ఏళ్ళుగా ఎగరని పుష్పక్ కొనాలా, మైక్రోలైట్ తీసుకోవాలా? (బట్ట, ఇంజన్, ఇంధనం, మన ఎండ)

బందరురోడ్డు_వింగ్:
అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి అయిదుగురం వాటాలు వేసుకుని రెండు సీట్ల విమానం ఒకటి తీసుకోవాలనుకుంటున్నాం. ఫ్లయింగ్ క్లబ్ హ్యాంగర్లో చాన్నాళ్ళుగా కదలకుండా ఉన్న పుష్పక్ (బట్ట కప్పిన పాత శిక్షణ విమానం) లాంటిది తీసుకుని బాగుచేయించడం ఒక దారి. రోటాక్స్ ఇంజన్ ఉన్న మైక్రోలైట్ (చాలా తేలికపాటి చిన్న విమానం) కొనడం ఇంకో దారి. మనసు మొదటిదాని మీదే ఉంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం చూడాలి, ఏది కనపడితే బేరం వదులుకుని వచ్చేయాలి? మన కృష్ణా తీరపు తేమకీ మే నెల ఎండకీ ఏది తట్టుకుంటుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

పాతమాగ్నెటో:
మంచి ఆలోచన అండి. పుష్పక్ బెంగళూరు హెచ్‌ఏఎల్ తయారీ. 1958 సెప్టెంబర్ 28న మొదటిసారి ఎగిరింది. దాదాపు 160 కట్టారు, ఎక్కువ శాతం క్లబ్బుల్లో శిక్షణకే వాడారు. ముక్కున ఉండేది 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ సీ90 ఇంజన్, స్టార్టర్ గానీ జనరేటర్ గానీ లేని రకం. ప్రొపెల్లర్ చేత్తో తిప్పే స్టార్ట్ చేయాలి.

ఇంజన్ విషయంలో అమ్మేవాళ్ళు చెప్పే గంటల లెక్కకి నేను పెద్ద విలువ ఇవ్వను. ఓవర్‌హాల్ అయ్యాక 200 గంటలే తిరిగిందంటారు. ఆ 200 గంటలు ఎన్నేళ్ళలో తిరిగాయన్నది అసలు ప్రశ్న. నిలబడి ఉన్న ఇంజన్లో సిలిండర్ గోడల మీద నూనె పొర జారిపోతుంది, తేమ తగిలి తుప్పు చుక్కలు పడతాయి, తర్వాత రింగులు ఆ గరుకు మీద అరిగిపోతాయి. కాంటినెంటల్ చిన్న ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) క్రాంక్‌షాఫ్ట్‌కి కింద ఉంటుంది కాబట్టి కొంత నయం. లైకమింగ్‌లో అది పైన ఉంటుంది, నూనె ముందు అక్కడే ఆరిపోతుంది. అందుకే నిలవ ఉన్న లైకమింగ్ అయితే ఇంకా గట్టిగా అనుమానించాలి.

పై వరస ప్లగ్గులు విప్పించి బోరోస్కోప్ (లోపల చూసే సన్నటి కెమెరా) పెట్టి సిలిండర్ గోడలు చూడండి. ఇంజన్ తిరిగే స్థితిలో ఉంటే వేడెక్కించి డిఫరెన్షియల్ కంప్రెషన్ పరీక్ష చేయించండి. 80 పీఎస్‌ఐ గాలి ఇస్తే సిలిండర్లో ఎంత నిలిచిందో గేజి చెబుతుంది. 70 పైన ఉంటే సంతోషం. 60 దగ్గరకి వచ్చిందంటే గాలి ఎటు పోతోందో వినండి. ఎగ్జాస్ట్ గొట్టంలో ఈల వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, నూనె పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. వాల్వు అయితే ఒక్క సిలిండర్ పనితో తేలొచ్చు. నాలుగింట్లోనూ రింగుల వైపే పోతుంటే అది మొత్తం ఓవర్‌హాల్ ఖర్చు అనుకునే బేరం ఆడండి.

ఇంకొకటి. తోక చక్రం విమానం కదా, ఎప్పుడో ఒకప్పుడు గ్రౌండ్‌లూప్ (నేల మీదే గిర్రున తిరిగిపోవడం) అయ్యో ముక్కు మీద పడో ఉండొచ్చు. ప్రొపెల్లర్ నేలకి తగిలిన దాఖలా లాగ్‌బుక్కులో ఉంటే క్రాంక్‌షాఫ్ట్ ఫ్లాంజి (ప్రొపెల్లర్ బిగించే బిళ్ళ) మీద డయల్ గేజి పెట్టి వంకర చూడకుండా డబ్బు కట్టకండి.

దారం_సూది:
ఇంజన్ని మార్చుకోవచ్చు. బట్ట కింద ఏముందో అదే విమానం. నా మాట అయితే ఇంజన్ దగ్గరికి చివర్లో వెళ్ళండి.

ముందు బాడీ. స్టీలు గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, బయట పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. తోక చక్రం విమానం వెనక్కి వాలి నిలబడుతుంది కాబట్టి లోపల చేరిన నీళ్ళన్నీ కింది లాంజెరాన్ల (బాడీ పొడవునా సాగే గొట్టాల) వెంట జారి తోక చివర చేరతాయి. తోక చక్రం స్ప్రింగు బిగించిన చోటుకి ఒక అడుగు ముందు నుంచీ కింది గొట్టాల్ని కొనదేరిన పంచితో గట్టిగా నొక్కుతూ రండి. మంచి గొట్టం మీద గీత కూడా పడదు, కుళ్ళిన గొట్టంలోకి దిగిపోతుంది. ఎలుకలు కాపురం పెట్టిన విమానమైతే వాటి మూత్రం పడిన చోటల్లా ఇదే పరిస్థితి. గొట్టం ముక్క కోసి కొత్తది వెల్డు చేయడం జరిగే పనే, కానీ అక్కడ బట్ట మొత్తం విప్పాలి.

తర్వాత రెక్కల స్పార్లు, అంటే రెక్క పొడవునా బరువు మోసే దూలాలు. టైగర్ మాత్ తరం విమానాల్లో ఇవి స్ప్రూస్ చెక్కవి. చెక్క స్పారు చూసేటప్పుడు స్ట్రట్ (రెక్కని బాడీకి ఆనించే ఏటవాలు కడ్డీ) కలిసే చోటు, మొదట్లో బాడీకి బిగించే చోటు ముఖ్యం. రెక్క కొస ఎప్పుడైనా నేలకి తగిలి ఉంటే స్పారు పై ముఖం మీద నారకి అడ్డంగా వెంట్రుకంత గీతలు వస్తాయి. టార్చిని ఎదురుగా పట్టుకుంటే అవి కనపడవు, పక్క నుంచి ఏటవాలుగా వెలుగు పడితేనే నీడ తేలుతుంది. ఆ గీత ఉందంటే ఆ స్పారు పనికిరాదు, అతుకు వేసి కానిచ్చేద్దాం అనే మాట వినకండి. పాత కేసీన్ జిగురు తేమ తగిలితే బూజు పట్టి వదిలేస్తుంది. రిబ్బు (రెక్కకి ఆకారం ఇచ్చే అడ్డపట్టీ) అంచుని వేలితో మెల్లగా కదిపితే టకటకమంటే జిగురు ఊడినట్టే.

ఇక బట్ట. పాత గ్రేడ్-ఏ నూలు బట్ట కొత్తలో అంగుళానికి 80 పౌండ్లు లాగినా తట్టుకుంటుంది. 56 పౌండ్ల కంటే తగ్గితే ఎగరడానికి పనికిరాదు. ఎండ ఎక్కువ తగిలే రెక్కల పైభాగం, ముదురు రంగు వేసిన చోట్లు ముందు చెడతాయి కాబట్టి పరీక్ష అక్కడే చేయించాలి, నీడలో ఉండే కింది వైపు కాదు.

బందరురోడ్డు_వింగ్:
దారం_సూది గారూ, చాలా ఉపయోగం అండి. బట్ట మొత్తం మార్చాల్సి వస్తే ఆ పని మన ఊళ్ళో వర్షాకాలంలో చేయించొచ్చా?

దారం_సూది:
డోపు (బట్టని బిగించే లక్కలాంటి పూత) పని మాత్రం వద్దండి. డోపులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు బట్ట పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాల్లో తేమ ఎక్కువ ఉంటే అది అక్కడే నీరై డోపులో కలుస్తుంది, పొర తెల్లగా పాలిపోతుంది. పైకి రంగు మారినట్టే కనపడుతుంది కానీ ఆ పొరకి బలం ఉండదు. రిటార్డర్ కలిపి ఆరడం నెమ్మదించేలా చేయొచ్చు, దానికీ ఒక హద్దుంది. తెల్లబడిన చోట పొడి రోజు చూసుకుని థిన్నరూ రిటార్డరూ కలిపి పల్చగా కొడితే మళ్ళీ కరిగి సర్దుకుంటుంది. సంక్రాంతి వెళ్ళాక, పొగమంచు విడిపోయి ఎండ ఎక్కిన పది గంటల నుంచి సాయంత్రం నాలుగు దాకా మనకి అనువైన వేళ.

ఇప్పుడు చాలామంది పాలియెస్టర్ బట్టకి వెళ్తున్నారు, నేనూ అదే చెబుతాను. దాన్ని ఇస్త్రీపెట్టెతో బిగిస్తారు. పాలీఫైబర్ పద్ధతిలో మూడు విడతలు: 250, 300, ఆఖరికి 350 డిగ్రీల ఫారన్‌హీట్. ఇంటి ఇస్త్రీపెట్టె మీద రాసిన అంకెల్ని నమ్మకూడదు, థర్మామీటర్ పెట్టి సరిచూసుకోవాలి. 350 దాటితే బట్ట బిగుసుకోవడం మానేసి వదులవడం మొదలుపెడుతుంది, ఆ ముక్క ఇక తిరిగి బిగియదు. ఒకేసారి ఎక్కువ వేడి పెట్టేస్తే పల్చటి రిబ్బులు, వెనక అంచు వంకర తిరుగుతాయి.

నైట్రేట్ డోపు బట్టకి బాగా పట్టుకుంటుంది కాబట్టి అడుగున అదే. పైన బ్యుటిరేట్. బ్యుటిరేట్ మీద నైట్రేట్ ఎప్పుడూ వేయకూడదు, అది పట్టుకోదు. వెండి రంగు అల్యూమినియం పొరని కొందరు అందం కోసం అనుకుని తగ్గించేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపేది ఆ పొరే. లోపల బల్బు వెలిగించి బయట నుంచి చూస్తే వెలుగు కనిపించిందంటే ఇంకా వేయాలని అర్థం. రిబ్ కుట్టు (బట్టని రిబ్బులకి కుట్టే కుట్టు) దూరం అసలు విమానంలో ఎంత ఉందో అంతే పాటించాలి. ప్రొపెల్లర్ గాలి కొట్టే చోట దగ్గర దగ్గరగా ఉంటుంది, అక్కడ దారం ఆదా చేయకండి.

నైట్రేట్ డోపు నిప్పుకి భయంకరంగా అంటుకుంటుంది. షెడ్డులో మామూలు టేబుల్ ఫ్యాన్ పెట్టొద్దు, మోటారు నిప్పురవ్వ చాలు.

అరండల్‌పేట_912:
గుంటూరు నుంచి. మైక్రోలైట్ వైపు మాట కూడా వినండి. మన దగ్గర మైక్రోలైట్ మొత్తం బరువు 450 కిలోలు దాటకూడదు. కొనేముందు ఈ ఒక్క లెక్క వేసుకోండి. ఖాళీ బరువు 280 అనుకుందాం. మిగిలింది 170. తలా 70 కిలోల ఇద్దరు ఎక్కితే 30 కిలోలు మిగిలాయి. పెట్రోలు లీటరు సుమారు 0.72 కిలోలు, అంటే 41 లీటర్లు. రోటాక్స్ 912 గంటకి 16 లీటర్లు తాగితే రెండున్నర గంటలు, అందులో అరగంట నిల్వ తీసేయండి. ఇద్దరూ 85 కిలోల వాళ్ళయితే ఇంధనానికి చోటే లేదు. కాయితం మీద 270 అని రాసి, రేడియో, ప్యారాచూట్, చక్రాల కవర్లు బిగించాక 295 తూగే విమానాలు ఉంటాయి. తక్కెడ మీద పెట్టి తూచకుండా కొనకండి.

912 గురించి రెండు ముక్కలు. ఆయిల్ చూసేముందు ఇగ్నిషన్ ఆఫ్ అని రూఢి చేసుకుని ప్రొపెల్లర్ని అది తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ ఉండాలి, ఆయిల్ ట్యాంకులో గుడగుడ శబ్దం వచ్చేదాకా. అప్పటిదాకా నూనె కొంత ఇంజన్ అడుగునే ఉంటుంది, డిప్‌స్టిక్ తక్కువ చూపిస్తుంది, నమ్మి పోస్తే ఎక్కువైపోతుంది. వెనక్కి మాత్రం తిప్పకూడదు, నూనె వ్యవస్థలోకి గాలి చేరుతుంది. రబ్బరు గొట్టాలన్నీ అయిదేళ్ళకోసారి మార్చాలి, గంటలు తిరిగినా తిరక్కపోయినా.

బందరురోడ్డు_వింగ్:
అన్నా, 912కి మామూలు బంకు పెట్రోలు పోయొచ్చు కదా? సీ90 కూడా తక్కువ కంప్రెషన్ ఇంజనే, దానికీ పనికొస్తుందని విన్నాం.

అరండల్‌పేట_912:
ఇప్పుడు ఆ మాట చెల్లదు తమ్ముడూ. రోటాక్స్ 912కి ఇథనాల్ 10 శాతం దాకానే అనుమతి ఇచ్చింది. మన బంకుల్లో వచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది.

పాతమాగ్నెటో:
సీ90కి అసలే వద్దు. అమెరికాలో ఈఏఏ (చిన్న విమానాల ఔత్సాహికుల సంఘం) వాళ్ళు 1982లో కారు పెట్రోలుకి అనుమతి సాధించినప్పుడు కూడా ఇథనాల్ కలవని పెట్రోలుకే. పాత విమానాల్లో ఇంధనం మట్టం చూపించేది బెండు ఫ్లోటు. దాని మీద లక్క పూత ఉంటుంది. లక్క ఆల్కహాల్లో కరుగుతుంది. పూత పోయాక బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది, పొట్టు రాలి ఫిల్టర్లో చేరుతుంది. కార్బురేటర్లో నియోప్రీన్ మొన ఉన్న నీడిల్ ఉబ్బి అతుక్కుంటే ఫ్లోటు గిన్నెలోకి ఇంధనం దిగదు. ట్యాంకు కీళ్ళకి పూసిన పాత సీలెంట్ మెత్తబడుతుంది. వీటన్నిటికీ తోడు నీటి సమస్య. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకుని ఉంచుతుంది, డ్రెయిన్ తీసి చూస్తే స్వచ్ఛంగా కనపడుతుంది. పైకి వెళ్ళి చల్లబడేసరికి నీరూ ఇథనాలూ ఒక్కటై విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి, ఇంజన్‌కి ముందు వెళ్ళేది అదే.

ఏ పెట్రోలు అయినా సరే ఇలా చూసుకోండి. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, 90 పెట్రోలు పోసి మూతపెట్టి కుదిపి పది నిమిషాలు ఉంచండి. అడుగున నీటి మట్టం 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 20 దాటిపోయి 25కి పైన నిలిచిందంటే అది ఇ20.

సరైనది ఏవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్, అంటే విమానాల పెట్రోలు. 2022 సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారు చేయడం మొదలుపెట్టింది, అంతకుముందు దిగుమతే. నీలం రంగులో ఉంటుంది. రంగు పోయి ఎండుగడ్డి రంగులో కనిపిస్తే జెట్ ఇంధనం కలిసిందేమో చూడాలి. తెల్ల కాయితం మీద ఒక చుక్క వేయండి. ఏవ్‌గ్యాస్ అయితే మరక లేకుండా ఆరిపోతుంది, కిరోసిన్ జాతి కలిస్తే జిడ్డు ఉంగరం మిగులుతుంది.

ఏవ్‌గ్యాస్‌కీ ఒక ఇబ్బంది ఉంది. అందులో లీటరుకి 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు. సీ90 తక్కువ ఆక్టేన్ ఇంధనానికి కట్టింది కాబట్టి ఆ సీసం పూర్తిగా మండి బయటికి పోదు. కింది ప్లగ్గుల్లో బూడిదరంగు గుళికలుగా చేరుతుంది. నేల మీద 700 ఆర్‌పీఎంలో గుడగుడలాడిస్తూ ఉంచకండి, 1000 నుంచి 1200 మధ్య ఉంచండి. 50 గంటలకోసారి ప్లగ్గులు కింది వరసవి పైకి, పైవి కిందికి మార్చండి. అరండల్‌పేట గారి 912 కూడా ఎక్కువగా ఏవ్‌గ్యాస్ మీదే తిరిగితే ఆయిల్ 100 గంటలకి కాదు, 50 లోపే మార్చాలి.

పైరగాలి:
ఎండ లెక్క ఎవరూ వేయలేదు, నేను వేస్తాను. గన్నవరం ఎత్తు సముద్రమట్టానికి 82 అడుగులే కదా అని ధీమా పడతారు. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి పీడనం) 1002 మిల్లీబార్లు అనుకోండి. ప్రమాణ పీడనం 1013 కంటే 11 తక్కువ, ఒక్కో మిల్లీబారుకి 30 అడుగుల చొప్పున 330. ఎత్తు కలిపితే పీడన ఎత్తు 410 అడుగులు. అక్కడ ప్రమాణ ఉష్ణోగ్రత సుమారు 14. మనది 31 డిగ్రీలు ఎక్కువ, డిగ్రీకి 120 అడుగులు. మొత్తం డెన్సిటీ ఆల్టిట్యూడ్ 4,100 అడుగులు. అంటే రన్‌వే మీదే ఉన్నా రెక్కకీ ఇంజన్‌కీ నాలుగు వేల అడుగుల పల్చటి గాలే దొరుకుతోంది. 90 హార్స్‌పవర్లో పది, పన్నెండు పోతాయి, పరుగు దాదాపు సగం పెరుగుతుంది, పైకి ఎక్కడం నీరసంగా ఉంటుంది. గన్నవరం రన్‌వే పొడుగు ఉంది కాబట్టి పరుగు సమస్య కాదు. చిన్న స్ట్రిప్‌లో చివర తాటిచెట్లు ఉంటే అదే సమస్య.

పడమటి వడగాడ్పు రన్‌వే 26కి (పడమర వైపు లేచే దిశ) దాదాపు ఎదురుగాలే. సాయంత్రం పైరగాలి దక్షిణ ఆగ్నేయం నుంచి తిరిగిందా, తూర్పు పడమరలుగా ఉన్న 08–26 రన్‌వేకి అది పూర్తి అడ్డగాలి. 160 డిగ్రీల నుంచి 12 నాట్లు వీస్తే పన్నెండూ అడ్డంగానే వస్తాయి. తోక చక్రం విమానంలో బరువు కేంద్రం ముందు చక్రాల వెనక ఉంటుంది, వంకర మొదలైతే తనంతట తాను పెంచుకుంటుంది. దిగాక పని అయిపోయిందని కాళ్ళు వదులు చేస్తే గ్రౌండ్‌లూప్ అక్కడే. కంట్రోల్ కర్రని గాలి వైపు పూర్తిగా వంచి ఉంచి, విమానం ఆగేదాకా రడ్డర్ ఆడిస్తూనే ఉండాలి.

ఎండాకాలంలో ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మన వేళ. డిసెంబర్, జనవరిల్లో తారుమారు, కృష్ణ మీద పొగమంచు తేరుకోవాలి. కంటిచూపు మీద ఎగరడానికి కంట్రోల్ జోన్‌లో 5 కిలోమీటర్ల విజిబిలిటీ, 1,500 అడుగుల సీలింగ్ (మేఘాల అడుగు ఎత్తు) కావాలి.

పాతమాగ్నెటో:
పైరగాలి గారు శీతాకాలం ఎత్తారు కాబట్టి కార్బురేటర్ మంచు గురించి చెప్పాలి. మంచు అంటే హిమాలయాల సంగతి అనుకుంటారు మనవాళ్ళు. వెంచురీలో (కార్బురేటర్ ఇరుకు గొంతులో) ఇంధనం ఆవిరయ్యేటప్పుడు ఉష్ణోగ్రత ముప్పై డిగ్రీలకి పైగా పడిపోగలదు. నవంబర్ ఉదయం 22 డిగ్రీలు, డెల్టా మీద తేమ 90 శాతం. సరిగ్గా మంచు పట్టే పరిస్థితి అదే, అందులోనూ థ్రాటిల్ తగ్గించి దిగేటప్పుడు. ఆర్‌పీఎం మెల్లగా జారుతుంది, ఇంకేం తెలియదు. కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి వేడిగాలి పంపే లివర్) లాగితే ఇంకా తగ్గి, ఇంజన్ కాసేపు దడదడలాడి, తర్వాత మొదటికంటే పైకి వస్తుంది. ఆ దడదడకి బెదిరి లివర్ వెనక్కి తోసేవాళ్ళు ఉన్నారు. కరిగిన మంచు నీరై ఇంజన్‌లోంచి పోతున్న శబ్దం అది, పూర్తిగా లాగి ఉంచాలి. సగం లాగడం అన్నిటికంటే చెడ్డది.

గన్నవరం_08:
నడిపే సంగతి క్లుప్తంగా. గన్నవరంలో ఎయిర్‌లైన్ విమానాల మధ్య మీకు చోటు దొరకాలి. ఏ320 లేచిన వెంటనే అదే చోటు నుంచి మీరు లేవాలంటే రెండు నిమిషాలు, రన్‌వే మధ్యలో నుంచి అయితే మూడు నిమిషాలు ఆగాలి. వెనక సుడిగాలి కంటికి కనపడదు, తేలిక విమానాన్ని తలకిందులు చేస్తుంది. తొందరగా పంపమని రేడియోలో అడగకండి. నాగార్జునసాగర్ దగ్గర విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్‌లో శిక్షణ విమానాలు ఎగిరాయి, అలాంటి చోటు చిన్న బృందానికి నప్పుతుంది. ముందు హ్యాంగర్ చోటు మాట్లాడుకుని తర్వాత విమానం మాట్లాడండి. బట్ట విమానాన్ని మన ఎండలో బయట కట్టేసి ఉంచకూడదు.

సూర్యాస్తమయం అయిన 20 నిమిషాల నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు దాకా వీఎఫ్‌ఆర్ (కంటిచూపు మీద ఎగరడం) లేదు. ఊరు దాటి వెళ్ళేటప్పుడు ఫ్లైట్ ప్లాన్, ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) నంబర్, ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్ కావాలి. పీపీఎల్‌కి (ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి) 17 ఏళ్ళు నిండాలి, 40 గంటలు ఎగరాలి, క్లాస్ 2 మెడికల్ కావాలి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం వచ్చింది, పాత సలహాలు చదివేటప్పుడు తేదీ చూసుకోండి.

బందరురోడ్డు_వింగ్:
అందరికీ ధన్యవాదాలు. చేత్తో ప్రొపెల్లర్ తిప్పడం గురించి కూడా చెప్పండి మాస్టారూ. ఇంకో మాట, ఎగరని రోజుల్లో వారానికోసారి నేల మీద ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే చాలంటున్నారు, నిజమేనా?

పాతమాగ్నెటో:
రెండోదానికి ముందు జవాబు: చేయకండి. ఇంధనం మండితే నీటి ఆవిరి పుడుతుంది, అందులో కొంత నూనెలోకి దిగుతుంది. నూనె 80 డిగ్రీల సెల్సియస్ దాటి కాసేపు ఉంటేనే అది బయటికి పోతుంది. పది నిమిషాల నేల పరుగులో నీరు చేరడమే తప్ప పోవడం ఉండదు. ఎగిరితే అరగంటకి తక్కువ కాకుండా ఎగరండి. నెల దాటి ఎగరలేమనుకుంటే నిల్వ నూనె పోసి, ప్లగ్గుల చోట తేమ పీల్చే డెసికెంట్ ప్లగ్గులు బిగించి, ఎగ్జాస్ట్, బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) మూసి, ప్రొపెల్లర్ మీద "తిప్పవద్దు" అని రాసిన ఎర్ర పట్టీ కట్టండి.

ఇక తిప్పడం. కాక్‌పిట్‌లో తెలిసిన మనిషి కూర్చోకుండా ఎవరూ ప్రొపెల్లర్ ముట్టుకోకూడదు. చక్రాలకి అడ్డుకట్టలు, తోకకి తాడు, బ్రేకులు పట్టి ఉండాలి. కాళ్ళ కింద ఇసుకా నూనే లేని గట్టి నేల కావాలి. బయటి మనిషి "స్విచ్ ఆఫ్, థ్రాటిల్ క్లోజ్" అంటే లోపలి మనిషి చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ప్రొపెల్లర్ రెక్కల్ని నాలుగుసార్లు లాగి తిప్పి ఇంధనం లోపలికి లాగించాక, "థ్రాటిల్ కొద్దిగా, కాంటాక్ట్". అరచేతులు చదునుగా ప్రొపెల్లర్ రెక్క మీద పెట్టాలి, వేళ్ళు అంచుకి చుట్టకూడదు. లాగుతూనే ఒంటిని వెనక్కి, పక్కకి తీసుకుపోవాలి. ఇంపల్స్ కప్లింగ్ (స్టార్ట్ చేసేటప్పుడు మాగ్నెటోని గట్టిగా తిప్పే స్ప్రింగు) టక్కుమన్న చోట అంటుకోవాలి. టక్కు వినపడకపోతే కప్లింగ్ ఇరుక్కుపోయి ఉంటుంది, ఎంత తిప్పినా లాభం లేదు. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, మాగ్నెటోని (ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చేది) స్విచ్‌కి కలిపే పీ-లీడ్ తీగ తెగితే ఆ మాగ్నెటో సజీవంగానే ఉంటుంది. అందుకే ప్రతి ప్రొపెల్లర్నీ తిరగబోతున్నట్టే చూడాలి.

దారం_సూది:
చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఇవి పట్టుకెళ్ళండి: మంచి టార్చి, పొడుగు పిడి ఉన్న చిన్న అద్దం, పంచి, నూలు గుడ్డ, నీళ్ళు పట్టే గాజు సీసా. గుడ్డని కంట్రోల్ కేబుళ్ళ పొడవునా లాగండి, తెగిన పోగు ఉంటే పట్టుకుంటుంది. పుల్లీ మీద వంగే చోట కేబుల్ని వదులు చేయించి చూడాలి, పోగులు తెగేది అక్కడే. టర్న్‌బకుల్ (కేబుల్ బిగువు సర్దే మరల బిగింపు) బయట మూడు మరలకంటే ఎక్కువ కనపడకూడదు. పిటాట్ గొట్టం (వేగం గేజికి గాలి అందించేది), ట్యాంకు గాలి రంధ్రం వెలుగు పెట్టి చూడండి, ట్యాంకు రంధ్రంలో కందిరీగల మట్టి గూడు ఉంటే ఇంధనం దిగడం ఆగి ఇంజన్ ఆకలితో ఆగిపోతుంది. ట్యాంకు డ్రెయిన్ నుంచి సీసాలోకి పట్టి ఎండకి ఎత్తి చూడండి.

ఒక రోజులో తేల్చేయకండి. లైసెన్సు ఉన్న ఏఎంఈని (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్ని) వెంట తీసుకెళ్ళి, కనీసం తోక దగ్గర, రెక్క మొదట్లో తనిఖీ కిటికీలు విప్పడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకుంటేనే వెళ్ళండి. ఒప్పుకోకపోతే ప్రయాణం ఖర్చు కూడా దండగ.

బందరురోడ్డు_వింగ్:
కిటికీలు విప్పనిస్తామని ఫోన్లో ఒప్పుకున్నారండి. లాగ్‌బుక్కుల్లో ఏ పేజీలు ముందు అడగాలి?

పాతమాగ్నెటో:
బట్ట చివరిసారి మార్చిన నమోదు, చివరి తూకం పత్రం, ప్రొపెల్లర్ లాగ్‌బుక్కు, చివరి అయిదేళ్ళ ఎగిరిన గంటలు నెలవారీగా. ఈ నాలుగూ ఫోటోలు తీసి పంపమనండి. పేర్లూ రిజిస్ట్రేషనూ చెరిపేసి ఇక్కడ పెడితే మీరు బయల్దేరేలోపు చూసి చెబుతాం.